బైసన్ వేట ఆట అవుతుందా?

గత సంచికలో దేవరకొండ పాఠకుడు ఒకరు పంపిన ప్రశ్నను అచ్చువేసి, చోటు చాలక జవాబును ఈ నెలకు వాయిదా వేశాను. ఈలోగా అదే విషయం మీద మరికొన్ని ఉత్తరాలు వచ్చాయి. మొదటి ప్రశ్నను మళ్లీ ఇస్తూ, మిగిలినవాటికి కూడా ఇక్కడే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న (దేవరకొండ, నల్లగొండ జిల్లా): టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఒక ప్రైవేటు రాంచ్‌లో, అంటే పశువులను పెంచే పెద్ద కంచె భూమిలో, వేల డాలర్లు కట్టి, అక్కడి పచ్చిక మైదానాల పెద్ద పశువైన బైసన్‌ను కాల్చి, దాని తల పక్కన మోకాళ్ల మీద కూర్చుని దిగిన ఫోటో పంపాడు. అంత బలమైన జంతువును పడగొట్టడం మాటలు కాదని మా నాన్నగారు మురిసిపోయారు. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి మాత్రం ఇది కట్టేసి కొట్టడమే అంటోంది. అక్కడి లెక్క ప్రకారం ఇది ‘ఫెయిర్ చేజ్’, అంటే న్యాయమైన వేట అని మేనల్లుడి వాదన. తాతా మనవరాళ్లిద్దరూ పట్టు విడవడం లేదు. ఎవరి మాట సరైనది?

జవాబు: నేను మీ అమ్మాయి పక్షమే. అయితే ఆమె చెప్పిన కారణం కంటే పెద్ద కారణం ఒకటి ఉంది. దాన్ని చెప్పడానికి ముందు మీ మేనల్లుడు వాడిన మాట సంగతి చూద్దాం.

ఫెయిర్ చేజ్ అనే మాటకు అమెరికాలో ప్రచారం తెచ్చింది బూన్ అండ్ క్రాకెట్ క్లబ్. తరువాత ఆ దేశానికి అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్, 1887లో తనలాంటి వేటగాళ్లను కొందరిని కూడగట్టి దాన్ని స్థాపించాడు. వేటను మానిపించడం వారి ఉద్దేశం కాదు. వేట పేరుతో జరుగుతున్న ఊచకోతకు, తాము చేసే వేటకు మధ్య ఒక గీత గీయాలన్నది వారి ఆరాటం. బోనులో పడ్డ జంతువును చంపడం, లోతైన మంచులో కూరుకుపోయి కదలలేని దాన్ని కొట్టడం, నీళ్లలో ఈదుతున్న దాన్ని పడవ మీద నుంచి కాల్చడం, రాత్రిపూట వెలుగుతో కళ్లు మిరుమిట్లు గొలిపి చంపడం న్యాయమైన వేట కిందికి రావని వారి తొలినాటి నియమావళే చెప్పింది. ఆ క్లబ్ నేటికీ చెప్పే నిర్వచనం ప్రకారం, జంతువు స్వేచ్ఛగా తిరిగే అడవి జంతువై ఉండాలి, వేటగాడికి దాని మీద అనుచితమైన పైచేయి ఉండకూడదు. కాబట్టి కంచె లోపల పెంచి, రోజూ మేత వేసే బండి వచ్చినా బెదరకుండా నిలబడే జంతువును, డబ్బు కట్టినవారి ముందుకు తీసుకొచ్చి కాల్పించే పద్ధతికి, ఆ మాటను పుట్టించినవారి లెక్కలోనే ఆ పేరు చెల్లదు. రాంచ్ ఎన్ని వేల ఎకరాలదైనా, కంచె ఎక్కడుందో దాని యజమానికి, తుపాకీ పట్టుకున్నవాడికి తెలుసు. ఉత్తర అమెరికాలో నేడున్న నాలుగైదు లక్షల బైసన్లలో అత్యధిక భాగం ఇలా ప్రైవేటు రాంచ్‌లలో మాంసం కోసం పెంచేవే. చాలాచోట్ల చట్టం కూడా వాటిని పెంపుడు పశువుల్లోనే లెక్కగడుతుంది. మీ మేనల్లుడు చేసింది నేరం కాదు. అయితే మన సంతలో పోతును కొని కోయించడానికి, దానికి ఉన్న తేడా వేషంలోనే ఉంది.

ఇక మీ నాన్నగారి మాట. జంతువు బలాన్ని చూసి వేటగాడి గొప్పను అంచనా కట్టడం లోకంలో ఉన్నదే, అందులో ఆయన తప్పేమీ లేదు. ఎదిగిన మగ బైసన్ తొమ్మిది వందల కిలోలు తూగుతుంది, గంటకు యాభై అయిదు కిలోమీటర్ల వేగంతో పరిగెత్తగలదు, మనిషిని కొమ్ములతో ఎత్తి అవతల పడేయగలదు. అయితే ఆ బలం ఎవరి నుంచి కాపాడుకోవడానికి ఏర్పడిందో చూడాలి. బైసన్‌కు అనాదిగా ఉన్న శత్రువు తోడేలు. తోడేళ్ల గుంపు వచ్చినప్పుడు పరుగు పెట్టిన బైసన్ చస్తుంది, తల వంచి నిలబడిన బైసన్ బతుకుతుంది. అందుకే భయం వేసినప్పుడు మంద దగ్గరకు చేరి, నిలబడి, ఎదురు చూడటం దాని రక్తంలో ఉంది. తుపాకీ ముందు ఈ సుగుణమే దానికి చావు తెచ్చిపెట్టింది.

1870ల్లో తోళ్ల కోసం వేటాడినవారు దీన్ని కనిపెట్టి, దానికి ‘స్టాండ్’ అని పేరు పెట్టుకున్నారు. వేటగాడు గాలికి ఎదురుగా, మందకు రెండు మూడు వందల గజాల దూరాన నేల మీద పడుకునేవాడు. మందను నడిపించే ముసలి ఆవును ముందుగా గురి చూసి, గుండెకు కాక ఊపిరితిత్తులకు తగిలేలా కాల్చేవాడు. గుండెకు తగిలితే అది పరుగెత్తి పడుతుంది, మంద బెదిరిపోతుంది. ఊపిరితిత్తులకు తగిలితే ఉన్నచోటనే నిలబడి, ముక్కులోంచి నెత్తురు కారుతూ మెల్లగా కూలుతుంది. మిగిలినవి దాని చుట్టూ చేరి వాసన చూసేవి, కొమ్ములతో లేపబోయేవి. వాటిలో ఏదైనా ఒకటి ముందుకు నడిచి దారి తీయబోతే రెండో గుండు దానికి. బైసన్‌కు చూపు అంత చురుకైనది కాదు, వాసనే దానికి ఆధారం. గాలి అటు నుంచి ఇటు వీస్తున్నంత సేపూ ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో, పక్కది ఎందుకు పడిందో మందకు తెలిసేది కాదు. ఒక్కచోట కూర్చున్న ఒక్క మనిషి పూటలో పదుల సంఖ్యలో చంపేవాడు. తుపాకీ గొట్టం కాలిపోకుండా మధ్యమధ్య చల్లబరుచుకోవలసి వచ్చేది. కోట్లలో ఉన్న బైసన్లు 1880ల చివరికి వెయ్యికి అటూ ఇటూగా మిగలడానికి ఇది ఒక ముఖ్య కారణం. రైల్వే కూలీలకు మాంసం కోసమని పద్దెనిమిది నెలల్లోపే తాను 4,280 బైసన్లను చంపానని బఫెలో బిల్ కోడీ చెప్పుకున్నాడు. ఆ అంకెను గొప్పగా చెప్పుకునేవారిని నేను చూశాను. నాకు మాత్రం ఆ పని ఎంత తేలికో ఆ అంకెలోనే కనిపిస్తుంది.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. డిండి వైపు మా అమ్మమ్మగారి ఊళ్లో, పల్లి పీకడం అయిపోయాక, రాత్రిపూట కుందేళ్ల వేటకు వెళ్లేవారు. ఒకరు నెత్తికి బ్యాటరీ లైటు కట్టుకుని ముందు నడిచేవారు, ఇంకొకరు కర్ర పట్టుకుని పక్కన చీకట్లో నడిచేవారు. నాకు పదేళ్లు, సంచి మోసే పని నాది. వెలుగు కళ్లలో పడగానే కుందేలు ముందరి కాలు ఒకటి సగం ఎత్తి, ఆ కాలు దించకుండా అలాగే నిలబడిపోయేది. పక్క నుంచి వచ్చే కర్ర దానికి కనిపించేది కాదు. ఇంటికి వచ్చేదాకా సంచి నా వీపుకు వెచ్చగా తగులుతూనే ఉండేది. కుందేలు కూర తినని వాణ్ని కాను, ఆ రాత్రి కూడా తిన్నాను. కానీ పొద్దున్నే ఆ ఇద్దరూ అరుగు మీద కూర్చుని తమ వేట నేర్పును వర్ణిస్తుంటే, నేర్పు లైటుది కదా అని ఆ వయసులోనే అనిపించింది. కుందేలు చిన్నది, బైసన్ పెద్దది. కానీ తనను ఎవరు వేటాడుతున్నారో తెలియకుండా నిలబడటంలో రెండింటికీ తేడా లేదు. వేట న్యాయమైనదా కాదా అని అడిగినప్పుడు నేను చూసేది కొమ్ముల పొడవును కాదు, తాను వేటలో ఉన్నానన్న సంగతి జంతువుకు తెలుసా, తెలిస్తే పోవడానికి దానికి దారి ఉందా అన్నదే. టెక్సాస్ కంచెలో ఈ రెండూ లేవు.

మీ నాన్నగారికి ఒక్క మాట మాత్రం చెప్పండి. అమెరికాలోనే యూటా రాష్ట్రంలో హెన్రీ పర్వతాలు ఉన్నాయి. 1941లో ఎల్లోస్టోన్ జాతీయ పార్కు నుంచి తెచ్చి వదిలిన పద్దెనిమిది బైసన్ల సంతతి అక్కడ కంచెల్లేకుండా తిరుగుతోంది. అక్కడి మందలు మనిషి పొడ గిట్టక, వాసన తగిలితే కొండలెక్కి పోతాయి. ఏటా కొద్దిమందికే, అదీ లాటరీ ద్వారా దొరికే అనుమతితో వెళ్లినవారు రోజుల తరబడి ఎండలో, రాళ్లలో నడిచి, ఒక్కోసారి ఉత్త చేతులతో తిరిగి వస్తారు. మేనల్లుడు అక్కడ కొట్టి ఉంటే నేను ఈ జవాబును ఇంకో విధంగా రాసేవాణ్ని. అప్పుడు కూడా దాన్ని వేట అనేవాణ్ని గాని, ఆట అనేవాణ్ని కాను. ఆటలో రెండు పక్షాలూ ఒప్పుకుని దిగుతాయి, ఓడినవాడు ఇంటికి పోయి అన్నం తింటాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ప్రశ్న (కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా): ఎల్లోస్టోన్ పార్కు దగ్గర బైసన్లను చంపడానికి అక్కడి ప్రభుత్వమే లైసెన్సులు ఇస్తుందట. ఇక్కడ అడవిపందులు మా పల్లి చేనును రాత్రికి రాత్రి దున్నిపోతున్నా, ఒక్కదాన్ని కొడితే కేసు అంటారు. ప్రభుత్వం అనుమతిస్తే అది న్యాయమైన వేట, రైతు చేస్తే నేరం అవుతుందా?

జవాబు: అనుమతి ఉంటే చట్టబద్ధం అవుతుంది, న్యాయమైన వేట అవునా కాదా అన్నది వేరే ప్రశ్న. మీరు చెప్పిన చోటే అందుకు ఉదాహరణ ఉంది.

ఎల్లోస్టోన్‌లో దాదాపు అయిదు వేల బైసన్లు ఉన్నాయి. చలికాలం మంచు పేరుకుని గడ్డి దొరకనప్పుడు అవి పార్కు హద్దు దాటి మోంటానా రాష్ట్రంలోని పల్లపు నేలలకు దిగుతాయి. వాటిలో కొన్నింటికి బ్రూసెల్లోసిస్ ఉంది. మన పాడి రైతులు ఈసుడు రోగం అనేది దీన్నే. చూడి పశువులు ఈసుకుపోతాయి. తమ ఆవులకు సోకుతుందన్న భయంతో అక్కడి రాంచ్ యజమానులు హద్దు దాటిన బైసన్లను ఉండనీయరు. 1985లో అక్కడ వేట మొదలుపెట్టారు. 1988-89 చలికాలంలో, అటవీ సిబ్బందే ఫోన్ చేసి లైసెన్సుదారులను పిలిపించి, మంద దగ్గరకు నడిపించుకుపోయి కాల్పించారు. అయిదు వందలకు పైగా బైసన్లు చచ్చాయి. పార్కులో ఏడాది పొడవునా సందర్శకుల మధ్య తిరిగిన ఆ జంతువులకు మనిషి అంటే భయం లేదు, కొద్ది గజాల దూరంలో మనిషి మోకాలు వంచి గురి పెడుతున్నా గడ్డి మేస్తూనే ఉన్నాయి. ఆ దృశ్యాలను టీవీల్లో చూసిన జనం మండిపడటంతో 1991లో ఆ వేటను ఆపేశారు, 2005లో కొత్త నిబంధనలతో మళ్లీ తెరిచారు. గార్డినర్ ఊరి దగ్గర బీటీ గల్చ్ అనే ఇరుకైన చోట, హద్దు దాటే జంతువుల కోసం తుపాకులతో వరుసగా నిలబడే పద్ధతి మీద నేటికీ అక్కడ గొడవలు జరుగుతూనే ఉన్నాయి. 2022-23 చలికాలంలో వెయ్యికి పైగా బైసన్లు వేటలో పోయాయి.

మంద సంఖ్యను అదుపు చేయడం అవసరమైతే అవసరమే అనండి, నాకు అభ్యంతరం లేదు. తోడేళ్లు తక్కువైన చోట, పోవడానికి భూమి మిగలని చోట ఎవరో ఒకరు ఆ పని చేయక తప్పదు. అయితే దాన్ని క్రీడ అని పిలవడంతోనే చిక్కు వస్తుంది. గ్రాండ్ కేన్యన్ పార్కువారు 2021లో బైసన్లను తగ్గించడానికి గురిగల వాలంటీర్లు పన్నెండు మంది కావాలని ప్రకటిస్తే నలభై అయిదు వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ పార్కు అధికారులు మాత్రం ఇది వేట కాదు, నిర్వహణ అని తెగేసి చెప్పారు. ఆ స్పష్టత నాకు నచ్చింది.

ఇక మీ పందుల సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధిస్తుంది. చంపడమే కాదు, పట్టుకోవడం, ఉచ్చు వేయడం, తరమడం, ఎర పెట్టడం, అందుకు ప్రయత్నించడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. అయితే నిలబడి ఉన్న పంటను పాడుచేసే జంతువు విషయంలో, అది అత్యున్నత రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులోనిది కానట్లయితే, 11వ సెక్షన్ కింద అనుమతితో దాన్ని తొలగించే వీలు ఉంది. అడవిపంది మొదటి షెడ్యూలులో లేదు. కాబట్టి పంట నష్టాన్ని ఫోటోలతో సహా గ్రామ పంచాయతీ ద్వారా అటవీ అధికారికి రాతపూర్వకంగా తెలియజేసి, అనుమతి ఉన్న షూటర్‌ను రప్పించమని అడగడం మీ హక్కు. ఆలస్యం అవుతుందని మీరు అంటారు, అవుతుంది కూడా. అయినా చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం కట్టకండి. నాకు తెలిసిన ఊళ్లో అలాంటి తీగ తగిలి పోయింది పంది కాదు, తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వెళ్లిన పక్క చేను రైతు. కరెంటు తీగకు, నాటు బాంబుకు ఎవరు వస్తున్నారో తెలియదు. పంట కాపాడుకోవడం న్యాయమే గాని, అందుకు ఆ దారి న్యాయం కాదు.

ప్రశ్న (మన్ననూరు, నాగర్‌కర్నూల్ జిల్లా): బైసన్ అంటే మన అడవిదున్నే కదా? నిజాం కాలంలో మా ఫరహాబాద్ దగ్గర వేట బంగళా ఉండేది. మరి అడవిదున్న ఇప్పుడు మా అడవిలో ఎందుకు కనిపించదు?

జవాబు: రెండూ ఒకటి కావు. మన దేశానికి వేటకు వచ్చిన ఆంగ్లేయులు మన అడవిదున్నను చూసి బైసన్ అని పిలవడంతో ఆ పేరు స్థిరపడింది. దాని అసలు పేరు గౌర్. అమెరికా బైసన్‌కు భుజాల మీద పెద్ద మూపురం, తల నుంచి ముందరి కాళ్ల దాకా దట్టమైన ఉన్ని, గడ్డం, పొట్టి కొమ్ములు ఉంటాయి. అది పచ్చిక మైదానాల జంతువు. మన అడవిదున్న నిగనిగలాడే నలుపు, మోకాళ్ల కింద తెల్ల మేజోళ్లు తొడిగినట్లు ఉండే కాళ్లు, వీపు మీద గట్టులాంటి ఎముక, పసుపు వన్నె కొమ్ములకు నల్లటి మొనలు. మగది భుజం దగ్గర ఆరడుగుల దాకా ఎత్తు ఉంటుంది, వెయ్యి కిలోల దాకా తూగుతుంది. వేట న్యాయం గురించి ఇందాక చెప్పిన లెక్క ఇక్కడ తలకిందులవుతుంది. అంత దేహం పెట్టుకుని కూడా అడవిదున్న సిగ్గరి. మనిషి అలికిడి తగిలితే ఈల వేసినట్లు ముక్కుతో ఒక బుస కొట్టి, మంద మొత్తం వెదురు పొదల్లోకి మాయమవుతుంది. మనుషుల రాకపోకలు ఎక్కువైన చోట పగలు మేయడం మానేసి రాత్రికి మారుతుంది. కాబట్టి బైసన్‌ను కొట్టిన కథలు విని అడవిదున్న వేట కూడా అంతే తేలిక అనుకోవద్దు. తేలిక కాకపోయినంత మాత్రాన అది మనకు చెల్లుతుందని కూడా అనుకోవద్దు. అడవిదున్న మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని వేటాడితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, దానితో పాటు కనీసం ఇరవై అయిదు వేల రూపాయల జరిమానా. మన దేశంలో ఎవరికీ దీన్ని సరదా వేటగా ఆడే అవకాశం లేదు, లైసెన్సు అనే ప్రశ్నే పుట్టదు.

నల్లమలలో దీని మందలు చాలాకాలంగా లేవు. మన రాష్ట్రంలో చూడాలంటే ఏటూరునాగారం, కిన్నెరసాని అడవుల వైపు వెళ్లాలి.

ప్రశ్న (మహబూబ్‌నగర్): మన పురాణాల్లో రాజులందరూ వేటాడినవారే. మరి న్యాయమైన వేట అనే ఆలోచనను అమెరికా నుంచి నేర్చుకోవలసిన అవసరం ఏముంది?

జవాబు: నేర్చుకోవలసిన అవసరం లేదు, మన దగ్గర అంతకంటే పదునైన చర్చే ఉంది. వేటను సప్తవ్యసనాల్లో ఒకటిగా లెక్కపెట్టింది మనవాళ్లే. జూదం చెడ్డదా, వేట చెడ్డదా అన్న వాదనలో కౌటిల్యుడు వేట పక్షం వహించి, దానివల్ల వ్యాయామం కలుగుతుందని, కొవ్వు కరుగుతుందని, నిలిచిన గురిని, కదిలే గురిని కొట్టే నేర్పు వస్తుందని, కోపంలోనూ భయంలోనూ జంతువుల మనసు ఎలా ఉంటుందో తెలుస్తుందని అన్నాడు. ఈ చివరి మాటే నాకు ముఖ్యం. కంచెలో కాల్చేవాడికి జంతువు మనసు తెలిసే అవకాశమే లేదు.

దీనికంటే దగ్గరి ఉదాహరణ పాండురాజు కథ. జింక రూపంలో భార్యతో కలిసి ఉన్న కిందముడనే మునిని పాండురాజు బాణంతో కొట్టాడు. రాజులు మృగాలను ఎదురుగానైనా, మాటునుంచైనా కొట్టడం ధర్మమేనని ఆయన సమర్థించుకున్నాడు. ముని చెప్పిన జవాబు చూడండి: జింకను చంపినందుకు నేను నిన్ను తప్పు పట్టడం లేదు, ఆ సమయంలో కొట్టినందుకు తప్పు పడుతున్నాను అన్నాడు. చంపడాన్ని కాదు, చంపిన తీరును, వేళను తూచడం అంటే ఇదే. క్లబ్బులు పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందటి మాట. కనిపించని దాన్ని చప్పుడును బట్టి కొట్టిన దశరథుడి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. గురి ఏమిటో కళ్లారా చూడనిదే గుర్రం లాగవద్దన్నది, అంటే ట్రిగ్గర్ నొక్కవద్దన్నది, నేటి వేటగాళ్లకు నేర్పే తొలి పాఠాల్లో ఒకటి.

రూజ్‌వెల్ట్ కూడా ఈ కథలకు దూరం వాడు కాదు. బైసన్ పూర్తిగా అంతరించిపోతుందేమోనన్న భయంతో, అంతకుముందే ఒకదాన్ని కొట్టాలని 1883లో డకోటా ప్రాంతానికి పరుగెత్తుకొచ్చి, వానలో బురదలో రోజుల తరబడి తిరిగి, చివరికి ఒకదాన్ని కొట్టి ఆనందంతో గంతులు వేశాడు. అదే మనిషి 1905లో ఏర్పడిన అమెరికన్ బైసన్ సొసైటీకి గౌరవాధ్యక్షుడై, మిగిలిన వాటిని కాపాడే పనికి అండగా నిలిచాడు. ఆ సొసైటీ అధ్యక్షుడు హోర్నడే కూడా 1886లో మ్యూజియం కోసమని మోంటానాలో పాతిక బైసన్లను చంపినవాడే. పాండురాజుకు శాపం తగిలాక బుద్ధి వచ్చింది, వీళ్లకు శాపం అవసరం లేకుండానే వచ్చింది.

ప్రశ్న (లింగాల, నాగర్‌కర్నూల్ జిల్లా): అమెరికాలో అక్కడి ఆదివాసులకు బైసన్‌ను వేటాడే హక్కు ఉందని విన్నాను. తరతరాలుగా విల్లు పట్టిన మన చెంచులకు ఆ హక్కు ఎందుకు లేదు?

జవాబు: మీరు విన్నది నిజమే. నెజ్ పెర్స్ వంటి తెగలు పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాల్లో, భూములు వదులుకున్నా వేట హక్కును ఉంచుకున్నాయి. ఎల్లోస్టోన్ హద్దు బయట వాళ్లు వేటాడేది ఆ హక్కుతోనే. మాంసాన్ని ఇంటింటికీ పంచుకుంటారు, తోలును, ఎముకను వాడుకుంటారు. ఇరుకు చోట కాల్పుల మీద నాకున్న అభ్యంతరం వాళ్లకూ వర్తిస్తుంది గాని, వాళ్ల వేటను సరదా వేటతో ఒకే గాటన కట్టలేను.

మన దేశంలో 2006 నాటి అటవీ హక్కుల చట్టం, అడవిలో సంప్రదాయంగా అనుభవిస్తున్న హక్కులను గుర్తిస్తూనే, వేట హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. నికోబార్ దీవుల ఆదివాసుల వేట హక్కులకే వన్యప్రాణి చట్టం నుంచి మినహాయింపు ఉంది. చెంచుల ఆహారంలో దుంపలు, తేనె, పండ్లే ప్రధానం. వేట వాటికి తోడు. పెద్ద జంతువులను గుంపులుగా కూల్చిన చరిత్ర వాళ్లది కాదు. నిజాం వేట బంగళాలో దిగిన అతిథులకు దారి చూపించినది చెంచులే అయినా, తలలు గోడకు తగిలించుకున్నది అతిథులు. తీరా నిషేధం వచ్చాక రెంటికీ చెడ్డది దారి చూపినవాడు. పులుల సంరక్షణ కేంద్రంలో వేటను తిరిగి తెరవాలని నేను అనను. కానీ ఉడుమును పట్టిన చెంచు మీద పెట్టే కేసు, డబ్బున్నవాడు జీపులో వచ్చి కొట్టిన దుప్పి మీద పెట్టే కేసు, ఒకే తూకంలో తూగుతున్నాయా అని అడగడం మాత్రం తప్పు కాదు.

ప్రశ్న (సూర్యాపేట): మేము కొన్న పాత ఇంటి అటక మీద, చెక్క పలకకు బిగించిన పెద్ద కొమ్ముల జత దొరికింది. వెనుకటి యజమాని పూర్వీకులు గడీలో ఉండేవారని, ఇవి అడవిదున్న కొమ్ములని ఇరుగుపొరుగు అంటున్నారు. వీటిని ఉంచుకోవచ్చా, అమ్మవచ్చా?

జవాబు: మొదట అవి ఏ జంతువువో చూడండి. బర్రె కొమ్ములు బల్లపరుపుగా, అడ్డంగా గాట్లతో, వెనక్కి వాలి ఉంటాయి. అడవిదున్నవి మొదట్లో లావుగా, పక్కలకు వెళ్లి పైకి వంగి, మొనల దగ్గర నల్లగా ఉంటాయి; పుర్రె భాగం కూడా ఉంటే రెండు కొమ్ముల మధ్య నుదుటి మీద ఎత్తైన గట్టు కనిపిస్తుంది. పలక వెనుక కాగితమో ఇత్తడి రేకో ఉంటే తీసివేయకండి. ఆ రోజుల్లో తేదీ, చోటు, కొమ్ముల కొలత రాయించేవారు.

అడవిదున్నవే అయితే అమ్మడం కుదరదు, ఊరికే ఇవ్వడం కూడా కుదరదు. ఇలాంటి వస్తువులున్నవారు ప్రభుత్వానికి తెలియజేసి యాజమాన్య పత్రం పొందాలని చట్టం చెబుతుంది. 2003లో చివరిసారి గడువు కూడా ఇచ్చారు. పత్రం ఉన్నా అది వారసత్వంగా వచ్చినవారికే చెల్లుతుంది, ఇల్లు కొన్న మీకు వర్తించదు. 2022 సవరణ తరువాత, యాజమాన్య పత్రం ఉన్నవారు ఇటువంటివాటిని స్వచ్ఛందంగా అప్పగించే వీలు కల్పించారు, పరిహారం మాత్రం ఉండదు. పత్రం లేని మీరు కూడా అప్పగించడమే మంచిది. ఇల్లు కొన్న దస్తావేజు నకలును, దొరికిన తీరును వివరిస్తూ రాసిన ఒక దరఖాస్తును తీసుకుని జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి వెళ్లండి. కొమ్ములను మీరే బస్సులో వేసుకుని పోవద్దు, దారిలో ఎవరైనా ఆపితే చెప్పుకోవడం కష్టమవుతుంది. ముందు దరఖాస్తు ఇచ్చి, సిబ్బందినే ఇంటికి వచ్చి తీసుకుపొమ్మనండి. అప్పగించినప్పుడు రసీదు మీద కొలతలు కూడా రాయించుకోండి.